క్లస్టర్ యుగళము: నాదపరిణామ విమర్శనము

జర్మను విద్యుత్సంగీత చరిత్రమున ‘క్లస్టర్’ అను నామము మూఁడు విధముల వ్రాఁతతోఁ గానవచ్చును. 1969లో మువ్వురు కూడి యేర్పఱచిన బృందమునకు వారి లిపిలో ‘కె’ మొదటి యక్షరము. 1971లో నొకరు తొలఁగిపోఁగా మిగిలిన యిరువురు దానిని ‘సి’గా మార్చిరి. 2010లో ఆ యిరువురును విడిపోయిన పిదప వారిలో నొకరు నెలకొల్పిన బృందమునకు ‘క్యూ’ మొదటి యక్షరమైనది. తెలుఁగు లిపిలో నీ మూఁడింటికిని వ్రాఁత యొక్కటియే. కంటికిఁ దోఁచు భేదము చెవికి వినఁబడదు. ఈ యుగళమును గూర్చిన విమర్శనము మాత్రము తఱచుగా దీనికి విపరీతమైన త్రోవను బోవుచున్నది. చెవికి వినఁబడు భేదములనే లెక్కించి, వానిలోపల నున్న యేకత్వమును విడిచిపెట్టుచున్నది.

హాన్స్ యోఆఖిమ్ రోడేలియుస్, డీటర్ మోబియుస్ అను నీ యిరువురు 1971 మొదలు 2009 వఱకు వెలువరించిన ధ్వనిముద్రికలను వరుసగా విన్నవారిలో రెండు పక్షము లేర్పడుట సహజము. తొలి కృతులు రూపములేని మ్రోఁతలనియు, క్రమముగా అవి తాళమును స్వరబంధమును నేర్చి సంగీతమైనవనియు, కావున నిది వికాసమనియు నొక పక్షము. తొలి కృతులే సాహసములనియు, తరువాతివి చెవి కింపుగొలుపు లఘుఖండికలనియు, కావున నిది పతనమనియు మఱియొక పక్షము. ఈ రెండును పరస్పర విరుద్ధములయ్యు నొకే పునాదిమీఁద నిలిచియున్నవి. రొదయు రాగమును రెండు ధ్రువములనియు, ఈ యుగళము ఒకదానినుండి మఱియొకదానికి నడచినదనియు రెండు పక్షములును నమ్ముచున్నవి. కృతులను నిదానముగాఁ బరిశీలించినచో ఆ పునాదియే నిలువదు. వీరి సంగీతమున నిజముగా మాఱినది ఇద్దఱు మనుష్యు లొక కాలఖండమును బంచుకొను తెఱఁగు. స్వరబంధము కలుగుటయు, లేకుండుటయు దాని ఫలములు మాత్రమే.

ఈ మాటను నిరూపించుటకు వీరి పుట్టుక నెఱుఁగవలయును. జర్మనీలో విద్యుత్సంగీతము వీరితోఁ బుట్టినది కాదు. కొలోను నగరమున రేడియో సంస్థకుఁ జెందిన విద్యుత్సంగీత ప్రయోగశాల 1951లోనే యేర్పడెను. కార్ల్‌హైన్త్స్ స్టాక్‌హౌజెన్ మొదలగు విద్వాంసులు అచ్చట నొక్కొక్క ధ్వనిని గణితముచేఁ గొలిచి, ముందుగా లిఖించిన ప్రణాళిక ననుసరించి కూర్చిరి. అది శాస్త్రమార్గము. ఇంకొకవంక ఆంగ్ల, అమెరికా దేశములనుండి వచ్చిన రాక్ సంగీతమున్నది. పాట, తాళము, గాయకుఁడు దానికి మూఁడు కాళ్లు. అది జనమార్గము. క్లస్టర్ వారు మొదటి దానినుండి యంత్రధ్వనిని గ్రహించి గణితమును విడిచిరి. రెండవదానినుండి కూడి వాయించు నలవాటును గ్రహించి పాటను విడిచిరి.

ఇట్లు విడువఁగలుగుటకు వారి జీవితములే కారణము. 1934లో బెర్లినులో జనించిన రోడేలియుస్ సంగీతశాలలో శిక్షితుఁడు కాఁడు. అంగమర్దన చికిత్స ఆయన జీవనోపాధిగా నుండెను. 1944లో స్విట్జర్లాండునందలి సాంక్ట్ గాలెన్ నగరమున జనించిన మోబియుస్ చిత్రకళ నభ్యసించినవాఁడు. మూఁడవవాఁడగు కొన్రాడ్ ష్నిట్స్‌లర్ శిల్పియగు యోసెఫ్ బాయిస్ శిష్యుఁడు. పశ్చిమ బెర్లినులో ష్నిట్స్‌లర్, రోడేలియుస్ మొదలగువారు నడపిన త్సోడియాక్ అను స్వేచ్ఛాకళాశాల అల్పకాలమే నిలిచినను, వాద్యము నేర్చినవాఁడును నేర్వనివాఁడును గూడ శబ్దముతోఁ బ్రయోగము సేయుటకుఁ దావిచ్చినది. నేర్చినది తక్కువగుటచేత మఱవవలసినదియుఁ దక్కువయయ్యెను. ఇది గుణమును గావచ్చును, దోషమును గావచ్చును. వీరి కృతులలో రెండును గలవు.

మువ్వురు కూడిన బృందము వెలువరించిన తొలి ధ్వనిముద్రికలు ‘క్లోప్ఫ్‌త్సైఖెన్’, ‘త్స్వై ఓస్టరై’ అనునవి. మొదటిపేరునకుఁ దట్టుడు సంజ్ఞయని యర్థము. ఒక క్రైస్తవ దేవాలయ ఆర్గను వాదకుని ప్రోత్సాహముచే, మతసంగీతమును బ్రకటించు ష్వాన్ అను సంస్థ వీనిని వెలువరించినది. అందులకుఁ బ్రతిఫలముగా నొక్కొక్క ముద్రికయందు నొకవైపున మతసంబంధమైన వచనము చదువఁబడినది. ఈ వచనభాగములే వీనిలో మిక్కిలి బలహీనములు. వెనుక నున్న ధ్వని యే యర్థమునకును లోఁబడక తనత్రోవను బోవుచుండఁగా, ముందు నిలిచిన కంఠము దానికి బలవంతముగా నర్థమును దగిలించుచున్నది. శబ్దార్థములకు సాహిత్యము లేనిచోటఁ గావ్యము లేదని యాలంకారికులు చెప్పిన మాట యిచ్చట వేఱువిధముగా ఋజువగుచున్నది. వచనములేని రెండవ వైపులు వినువారికిఁ జేఁదుగానుండినను దమలోఁ దాము పొసఁగియున్నవి.

1971లో ష్నిట్స్‌లర్ తొలఁగిపోయెను. అదే సంవత్సరమున ఇరువురి పేరఁ దొలి ధ్వనిముద్రిక ఫిలిప్స్ సంస్థచే వెలువడెను. దీని నిర్మాణమున ధ్వనిముద్రణ శిల్పియగు కొన్నీ ప్లాంక్ మూఁడవ సభ్యుఁడుగనే పరిగణింపఁబడెను. ఇందుఁ గల ఖండికలు మూఁడు. వానికిఁ బేర్లు లేవు. 7 నిమిషముల 42 సెకనులు, 15 నిమిషముల 43 సెకనులు, 21 నిమిషముల 32 సెకనులు అని వాని నిడివియే వానికి నామము. ఇది విలాసము గాదు. కృతిలో నేమియున్నదని యడిగిన శ్రోతకు ‘ఇంత కాలమున్నది’ అని చెప్పిన యుత్తరము. ఆర్గను, చెల్లో, హవాయి గిటారు, ధ్వనిజనక యంత్రములు ఇందలి పరికరములు. అయినను ప్రతిధ్వని యంత్రముల గుండఁ బోయి వెలికివచ్చునప్పటికి ఏది యే వాద్యమో చెప్పుటకు వీలుపడదు. అట్లే ఏది యెవ్వరి చేయియో కూడఁ జెప్పరాదు. తాళము లేదు, వాది సంవాది స్వరములు లేవు. అలలవలె నుబ్బి తగ్గు మంద్రధ్వనులును, వానిపైఁ దేలిపోవు సన్నని కూఁతలును గలవు.

ఇది సంగీతమగునా యని పండితుఁడు ప్రశ్నించుట న్యాయ్యమే. స్వరవర్ణములచే జనచిత్తమును రంజింపఁజేయునది రాగమని మతంగుని మతము. ఆ లక్షణముతోఁ గొలిచినచో నీ కృతి నిలువదు. కాని రాగలక్షణముచే నాదలక్షణమును గొలుచుట సరిగాదు. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమునందు నాదమును మొదట నిరూపించి, పిమ్మటనే శ్రుతిస్వరములకు వచ్చెను. స్వరము నాదమునుండి యేర్పడిన విశేషము. నాదము స్వరముకంటె ముందున్నది, విరివియైనది. 1971 నాఁటి కృతి యా ముందున్న చోటఁ దిరుగులాడుచున్నది. కావున దానిని గొలుచు కొలబద్ద రాగము గాక, అన్యోన్యశ్రవణము కావలయును. అనఁగా ఒకరి ధ్వని లేచినప్పుడు రెండవవారి ధ్వని తగ్గుచున్నదా, ఒకరు విడిచిన చోటును రెండవవారు గుర్తించుచున్నారా యనునది చూడవలయును. ఈ కొలబద్దచేఁ జూచినప్పుడు కడపటి దీర్ఘఖండికలోఁ గొంత సాగఁదీఁత కానవచ్చునుగాని, మొదటిదానిలో వ్యర్థమైన క్షణమొకటియు లేదు.

1972లో బ్రెయిన్ సంస్థ ప్రకటించిన రెండవ ధ్వనిముద్రికలో ఖండికలు ఆఱు. ఇప్పుడు వానికిఁ బేర్లు వచ్చినవి. ‘ఇమ్ జ్యూడెన్’ అనఁగా దక్షిణమున. ‘ఫ్యూర్ డీ కట్స్’ అనఁగా అక్షరాల పిల్లికొఱకు. జర్మను జాతీయమునం దది వ్యర్థప్రయత్నమునకుఁ బేరు. తమ శ్రమను దామే నవ్వుకొనఁగలుగుట ఇచ్చట మొదలైనది. ‘ఇమ్ జ్యూడెన్’ ఖండికలో గిటారుపైఁ గొలఁది స్వరముల పలుకొకటి మరల మరల వచ్చును. అది రాగమునకుఁ దొలియడుగని మొదటి పక్షమువారందురు. అది యట్లు కాదు. ఆ పలుకు ఎదుగదు, ముగియదు, ఎచ్చటికిని బోదు. చుట్టునున్న ధ్వని మాఱుచుండఁగా అది మాఱక నిలిచి, వినువానికి మార్పును దెలియఁజేయు కొండగుర్తుగా మాత్రముండును. రొదలో స్వర మొదిగియున్నదనుటకు నిది సాక్ష్యము.

పిమ్మట వీరు బెర్లినును విడిచి వేజర్ నదీతీరమునందలి ఫోర్స్ట్ అను గ్రామమునఁ బాతకాలపు గృహమున నివసింపఁజొచ్చిరి. 1973లో నోయ్ అను మఱియొక యుగళమునకుఁ జెందిన మీఖాయెల్ రోటర్ అచ్చటికి వచ్చి వీరితోఁ గూడఁగా ‘హార్మోనియా’ అను త్రయమేర్పడి, 1974, 1975 సంవత్సరములలో రెండు ధ్వనిముద్రికలను వెలువరించెను. రోటర్ స్వభావమున నియతమైన నడకయు, స్పష్టమైన స్వరరేఖయు గలవు. ఆ సహవాసఫలము 1974 నాఁటి క్లస్టర్ కృతియగు ‘త్సుకర్‌త్సైట్’ నందు గోచరించును. ‘చక్కెరకాల’మని దీని యర్థము. ఖండికలు పది. ‘కారమెల్’, ‘మార్త్సిపాన్’ అను మిఠాయి పేర్లు గలవియు నందున్నవి. ప్రతి ఖండికయుఁ జిన్నది. తాళయంత్రము టకటకమని కొట్టుచుండఁగా దానిపైఁ జిన్న స్వరమాలికలు నడచును. మూఁడు సంవత్సరములకు ముందు నిడివి తప్ప వేఱు పేరులేని సంగీతము ఇప్పుడు మిఠాయిపేరు దాల్చెను.

ఈ మార్పును దాళమువచ్చుటగా మాత్రమే గ్రహించినవారు ముఖ్యవిషయమును మఱచుచున్నారు. ఈ పది ఖండికలలో నైదు రోడేలియుస్ రచనలు, ఐదు మోబియుస్ రచనలు. ఒకరిదానిలో రెండవవారు వేలు పెట్టలేదు. ఆంధ్రపాఠకునకు జంటకవుల సంప్రదాయము సుపరిచితము. నంది మల్లయ, ఘంట సింగయలు మొదలు తిరుపతి వేంకటకవుల వఱకు ఏ పద్యమెవ్వరిదని యడుగుటయే యనుచితముగా నుండెను. తిరుపతిశాస్త్రి గతించిన పిదపఁగూడ వేంకటశాస్త్రి జంటపేరును విడువలేదు. ‘త్సుకర్‌త్సైట్’ దీనికిఁ బ్రతికూలమైన ప్రయోగము. జంటపేరు మీఁద నున్నది. లోపల నిరువురును వేఱువేఱుగాఁ గూర్చుండిరి. రోడేలియుస్ ఖండికలలో స్వరరేఖ ముందు నడచును. ‘రోజా’ వంటివానిలో నెమ్మదియు, దాఁగిన విషాదమును గలవు. మోబియుస్ ఖండికలలో ధ్వని వంకరలు వోవును. ‘రోటోర్’ వంటివానిలో యంత్రమే పరిహాసమాడుచున్నట్లుండును. రెండవ మనిషి లేనిచోట యంత్రము రెండవ మనిషియైనది. తాళయంత్ర మిచ్చటఁ బ్రవేశించుటకుఁ గారణ మిదియే. కాని యంత్రము పలుకఁగలదుగాని వినలేదు. కావుననే కొన్ని ఖండికలు మొదటి నిమిషముననే తమ సర్వస్వమును జెప్పి, మిగిలిన కాలము దానినే చెప్పుచుండును. ఈ కృతికిఁ బెక్కుమంది యిచ్చు నగ్రస్థానము దీని కొత్తదనమునకుఁ దగునుగాని దీని పరిపూర్ణతకుఁ దగదు.

1976లో స్కై సంస్థ ప్రకటించిన ‘సోవీసోజో’ అను కృతియందు ఇరువురును మరల నొక్కచోఁ గూర్చుండిరి. ఫోర్స్ట్ గృహముననే రెండు దినములలో దీనిని ముద్రించి, ప్లాంక్ స్టూడియోలో ధ్వనులను మేళవించిరి. ఏడు ఖండికలలో నొకదానిపేరు ‘హల్వా’. అరబ్బు భూమిని బుట్టి ఆంధ్రులకుఁ గూడ నింటిమాటయైన యీ పదము చక్కెరకాలపు శేషము. ‘ఎస్ వార్ ఐన్‌మాల్’ అనఁగా మన కథలలోని ‘అనఁగా అనఁగా’ యనునదే. ఇందుఁ దాళయంత్రము పూర్తిగాఁ బోలేదు. కాని దాని గొంతు తగ్గినది. రోడేలియుస్ స్వరరేఖ మెల్లగాఁ బోవుచుండఁగా దాని క్రిందను, ప్రక్కను మోబియుస్ చేయు చిన్న వక్రధ్వనులు దానిని బ్రశ్నించుచుండును. ఇంపు సంపూర్ణమగుటకు ముందే యొక చిన్న గఱకుఁదనము దానిని నిలుపును. మాధుర్యము గుణమే యయినను మాధుర్యమొక్కటియే రుచిని జంపునని యెఱిఁగిన రచన యిది. 1971 నాఁటి కొలబద్దనే యిచ్చటఁ బ్రయోగించినచో, ఇదియే వీరి కృతులలో నుత్తమమని తేలును. అప్పటి అన్యోన్యశ్రవణమే యిచ్చటను గలదు. తేడా యొక్కటే: అప్పు డిరువురును ఒకే రాశిలోఁ గరఁగిపోయిరి; ఇప్పు డిరువురును వేఱువేఱుగాఁ దెలియుచునే కలిసియున్నారు.

ఆంగ్ల సంగీతకారుఁడగు బ్రయన్ ఈనో ఈ రచనలకు నాకర్షితుఁడై ఫోర్స్టుకు వచ్చెను. వారు కూడి చేసిన రెండు ధ్వనిముద్రికలు 1977, 1978 సంవత్సరములలో వెలువడెను. మొదటిదానిలోని తొమ్మిది ఖండికలును మాటలు లేనివి. రెండవదానిలోఁ గొన్నింట ఈనో కంఠము వినఁబడును. వానిలో నొకదానియందు మాత్రము కంఠము వెనుకనుండి ముందునకుఁ ద్రిప్పఁబడినది. అందుచేత భాష భాషగా నశించి ధ్వనిగా మిగిలినది. మతవచనమును మోయలేక తడఁబడిన 1970 నాఁటి ముద్రికలను దలఁచుకొన్నచో దీని విలువ తెలియును. నాఁడు మాట ధ్వనిపై నధికారము నెఱపినది. ఇప్పుడు మాటయే ధ్వనిలోఁ జేరి యొక సభ్యుఁడైనది. ఈనో ప్రసిద్ధిచేఁ బెక్కుమంది శ్రోతలు వీరిని దొలుత నీ ముద్రికలవలననే యెఱిఁగిరి. అందుచే వీరి శాంతగుణము ఈనో యిచ్చినదని భావించువారు గలరు. ‘సోవీసోజో’ యంతకు ముందటి సంవత్సరమున వెలువడినదన్న యొక్క మాటచే నీ భ్రమ తొలఁగును.

1979 నాఁటి ‘గ్రోస్సెస్ వాస్సెర్’ (‘పెద్దనీరు’) ఈ విమర్శమునకు ముఖ్యసాక్షి. టాంజరిన్ డ్రీమ్ అను ప్రసిద్ధబృందమునందలి పీటర్ బౌమన్ దీని నిర్మాత. మొదటి వైపున నైదు చిన్న ఖండికలు. రెండవ వైపంతయు 18 నిమిషములకు మించిన యొకే ఖండిక. ఈ దీర్ఘఖండిక పియానో నెమ్మదితో మొదలగును. నడుమ నది చెదరి, తాడనధ్వనులును గఱకు మ్రోఁతలును బైకి వచ్చును. కడపట మరల నెమ్మది నెలకొనును. వికాసపక్షమువారికి నడిమిభాగము తిరోగమనము. పతనపక్షమువారికి మొదలు తుది లోపములు. నదియొక్క నిలుకడయు వడియు నొకే నీటి ధర్మములైనట్లు, ఇచ్చట రొదయు రాగమును నొకే నాదముయొక్క రెండు దశలు. 1971 నాఁటి క్లస్టరును 1976 నాఁటి క్లస్టరును ఒకే ఖండికలో నెట్టి యతుకును లేక యిమిడినవి.

1981లో ‘కురియోసుమ్’ అను ముద్రిక వెలువడిన పిదప యుగళము చిరకాలము మౌనము వహించెను. ఆ కృతియందలి చిన్నఖండికలు చమత్కారములేగాని, చమత్కారమే ప్రయోజనమైనట్లు గొన్నిచోట్లఁ దోఁచును. ధ్వనిముద్రణమున వారికిఁ జెవియై నిలిచిన ప్లాంక్ 1987లో మరణించెను. తరువాత నిరువురును మరలఁ గూడిరి. 1995లో వెలువడిన కృతికి ‘ఒక గంట’ యని పేరు పెట్టిరి. అది యెడతెగని ప్రవాహము. తొలిముద్రికలో ఖండికల నిడివియే పేరైనట్లు, ఇరువదినాలుగు సంవత్సరముల పిమ్మటఁ గృతి నిడివియే మరలఁ బేరైనది. 2009 నాఁటి కడపటి కృతియగు ‘క్వా’ యందుఁ బదునేడు కుఱుచ ఖండికలు గలవు. ‘గిస్సాండర్’, ‘నా ఎర్నెల్’, ‘సో నే’ వంటి పేర్లు ఏ భాషకును జెందక, పలుకుటకై కల్పింపఁబడినవి. నిడివినుండి మాటకు, మాటనుండి మిఠాయికి, మిఠాయినుండి యర్థములేని యక్షరములకు నడచిన యీ నామపరంపర సంగీతమును నమ్మకముగా ననుసరించినది. ‘క్వా’లోఁ దాళమున్నచోట స్వరము కొంకును; స్వరమున్నచోటఁ దాళము జాఱును. పూర్వపు దశలన్నియు నందుఁ గలిసి, ఏదియుఁ బైచేయి కాక నిలిచినవి. అయినను పదునేడు ఖండికలలోఁ గొన్ని మొలకలుగనే నిలిచిపోయినవి. సంక్షేపము గుణమైనను అసంపూర్తి దాని దోషము.

2010లో యుగళము ముగిసినది. 2015 జూలై 20వ తేదిని మోబియుస్ మరణించెను. ‘క్యూ’ అను నక్షరముతో రోడేలియుస్ వేఱువారితోఁ గూడి నడపిన సంగీతమున నెమ్మదియు సౌష్ఠవమును గలవు. కాని ఆ వంకర నవ్వు లేదు. మోబియుస్ ఏకాకిగాఁ జేసినవానిలో ఆ నవ్వు కలదు. దానికి నిలువనీడ తక్కువ. ఈ లోటులే పూర్వపు గలయికకుఁ గడపటి ప్రమాణములు. రొదను విడిచి రాగమును జేరినవారైనచో, విడిపోయిన పిదపఁగూడ నిరువురిలో నొకరియొద్ద నా రాగము సంపూర్ణముగా నుండవలసినది. అట్లు లేదు. వారి సంగీతము ఒకరి చేతిలోఁ గాని, యంత్రములోఁ గాని యుండక, ఒకరు వాయించుచుండఁగా రెండవవారు వినుచున్న యా నడిమిచోట నుండెను. కావున స్వరతాళముల లెక్కచే వీరి పరిణామమును వ్రాయువారు, ఏ ముద్రికలో నెవ్వరెవ్వరిని ఎట్లు వినిరో ముందు విచారింపవలయును.